కుడిపైట బొమ్మ

పెద్దమ్మకు స్నానం చేయించి, కొత్త చీర కట్టి, వాకిట్లోకి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. పైట ఎడమ భుజం మీద ఉంది.

రాత్రి డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వచ్చినవాణ్ణి వచ్చినట్టే గేటు దగ్గర ఆగిపోయాను. భుజానికి టిఫిన్ డబ్బా సంచి అలాగే ఉంది. ఆదిభట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో విడిభాగాలు తనిఖీ చేయడం నా పని. డ్రాయింగులో ఉన్నట్టు ముక్క ఉందా లేదా అని రోజంతా చూసి చూసి, ఎక్కడికి వెళ్లినా కళ్లు ముందుగా తేడానే వెతుకుతాయి. చనిపోయిన మనిషి ముఖం కన్నా ముందు పైట ఏ వైపు ఉందో చూసిన నా కళ్ల మీద నాకే విసుగు పుట్టింది.

కానీ తేడా తేడానే. ఆమె ఉన్నన్నాళ్లూ కట్టింది కుడిపైట. చెంగు కుడి భుజం మీదికి వచ్చే కట్టు. ఈ వైపు ఊళ్లలో పాతతరం ఆడవాళ్లు కొందరు అలాగే కట్టేవారట. ఇబ్రహీంపట్నంలో మా గల్లీలో మిగిలింది ఆమె ఒక్కతే. ఆ మాట ఇప్పుడు చెప్పాలా వద్దా? చెప్పాల్సింది నేనేనా? పై గదిలో అద్దెకుండేవాణ్ణి, పైగా మగవాణ్ణి. షామియానా కింద కుర్చీలు సర్దుతున్న చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాను.

ఆమెను పెద్దమ్మ అని పిలవమన్నది ఆమే. గదిలో దిగిన రోజు నేను ఆంటీ అంటే మిషన్ తొక్కడం ఆపి తలెత్తింది.

"ఆంటీ అంటే నన్ను తిట్టినట్టుంటది. పెద్దమ్మ అను. నీకు తెల్వకపోతే అసలు పిలువకు, జర దగ్గి నిలబడు, నేనే సూస్త."

ఎప్పుడూ వరండాలోనే ఉండేది. గోడకు ఆనించిన కుట్టుమిషన్, దాని పక్కన రేకు డబ్బా, డబ్బా మీద కాలు ఒకటి, మడిచి పెట్టిన కాలు ఒకటి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. సూదిని రవిక అంచుకు గుచ్చుకునేది. ముందు పళ్లు లేవు కనుక దారాన్ని పక్క పళ్లతో కొరికేది. అందుకు తల వంచినప్పుడల్లా ఎవరి మీదో అలిగి ముఖం తిప్పుకున్నట్టుండేది. చాలాసార్లు నిజంగానే అలిగి ఉండేది కూడా.

ఏళ్ల తరబడి ఆ మిషన్ మీద రవికలు కుట్టిందట. తర్వాత ఆడపిల్లలు బోటిక్కులకు పోవడం మొదలుపెట్టారు. మిగిలిపోయిన గుడ్డముక్కలతో మనవరాలికి బొమ్మ చేస్తే, ఎవరో దాన్ని చూసి, వారి ద్వారా పట్నంలో ఒక షాపావిడ చూసి, పాతకాలం నాటి గుడ్డబొమ్మలు కావాలని అడిగింది. చిన్నప్పుడు ఆడపిల్లలు బొమ్మల పెండ్లి చేసుకుంటే వాళ్ల అమ్మ ఇలాంటివే చేసి ఇచ్చేదట. చేతులకు ఆ పని గుర్తుంది. అలా బొమ్మల మనిషి అయింది.

ఆమె నోటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట "యాష్టకొచ్చింది" అని. విసిగిపోయాను అని దానర్థం. పొద్దున మిషన్ మీద గుడ్డ కప్పు తీస్తూ అనేది. దూది కూరుతూ అనేది. టీవీలో సీరియల్ కోడలు ఏడుస్తుంటే అనేది. అయిపోయిన బొమ్మను పక్కన పెట్టి, కొత్తదానికి గుడ్డ కత్తిరిస్తూ ఇంకా గట్టిగా అనేది. ఒకసారి నేను ఉండబట్టలేక అన్నాను.

"అంత విసుగైతే మానేయొచ్చు కదా పెద్దమ్మా."

"మానేసి?"

టిఫిన్ డబ్బా సంచిని ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"అగో. నువ్వు ఆ కంపిని యాష్టకొచ్చిందని మెట్లెక్కుకుంట రోజు గొణుగుతవ్. మల్ల సందేల బస్సుకు ఉరుకుతవ్. నేను అడిగిన్నా?"

బొమ్మ ఒళ్లు చేయడానికి తెల్లటి మోటు నూలుగుడ్డ వాడేది. పాతదనం రావాలని షాపావిడ అడిగింది కనుక దాన్ని టీ డికాషన్‌లో నానబెట్టి నీడలో ఆరేసేది. ఆ రోజు వరండా అంతా టీ వాసన. గిన్నె మీద వంగి, గుడ్డను కర్రతో అటూ ఇటూ తిప్పుతూ అనేది: "కొత్తదాన్ని పాతగ జెయ్యనీకి ఇంత తిప్పలు. నన్ను జూడు, ఏ టీ పొయ్యకుండనే పాతగ జేసిండు దేవుడు."

కడుపులోకి బూరుగుదూది. మామూలు దూది ఉండలు కడుతుందని ఆమెకు పడేది కాదు. మెడలోకి ఎండిన జొన్నబెండు ముక్క, తల ఒరిగిపోకుండా. ముక్కుకు గుడ్డను చిటికెతో పట్టి ఒక్క కుట్టు. కళ్లకు నల్లదారం. జుట్టుకు పాత స్వెటర్ విప్పదీసిన నల్ల ఊలు. తల కుట్టేటప్పుడు బొమ్మతో చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడేది. "నిలవడు. ఏమాయె నీకు? అన్నం తినలేదా?"

ఇదంతా ఎవరైనా చేస్తారేమో. ఆమె అందరిలా చేయనిది బట్టలు వేయడం. ముందు లోపలి లంగా, నాడాతో సహా. తర్వాత రవిక, ముందు ముడి వేసేది. తర్వాత చీర. చివరికి నల్లపూసల దండ. చీరకు ఎక్కడా కుట్టు వేసేది కాదు, జిగురు పెట్టేది కాదు, పిన్నీసు గుచ్చేది కాదు. చుట్టి, కుచ్చిళ్లు దోపి, పైట వేసి వదిలేసేది. షాపావిడ ఎన్నోసార్లు చెప్పింది, గాజుపెట్టెలో పెట్టే బొమ్మలకు లోపలి లంగా ఎందుకు, చీరకు నాలుగు కుట్లు వేస్తే జారదు కదా అని. ఈమె అవ్ అవ్ అని తలూపి తన పద్ధతిలోనే చేసి పంపేది.

"ఆడపిల్ల బొమ్మతోని ఆడుకోవాలంటే దానికి తానం పొయ్యాలె, బట్టలు మార్సాలె, ఉతికి గోడ మీద ఆరెయ్యాలె. విప్పరాకపాయె అంటే అది చీరనా? కట్టు గట్టినట్టే, దవాఖానల."

నేను ఒకసారి వెల్‌క్రో పట్టీ తెచ్చి చూపించాను. తీయడానికీ వేయడానికీ వీలు, కుట్టూ ఉండదు. ఆమె దాన్ని రెండుసార్లు చర్రున చింపి చూసింది.

"ఇంత సప్పుడైతే ఇంటిల్లిపాదీ లేస్తరు," అని తిరిగి ఇచ్చేసింది.

ఇంట్లో చీర కట్టే పని చేసే మనిషి ఇంకొకరు ఉండేవారు. కోడలు. బస్టాండు దగ్గర చీరల షాపులో పని ఆమెది. పొద్దున్నే అద్దాల వెనక నిలబడే ప్లాస్టిక్ బొమ్మలకు చీరలు కట్టాలి. వీపు వెనక అంతా పిన్నీసులే. ముందు నుంచి చూస్తే ముడత ఉండదు. సాయంత్రం కాళ్లు లాగుతూ వచ్చి, చేసంచి నుంచి పిన్నీసుల డబ్బా తీసి కిటికీలో పెట్టి, వరండా మెట్టు మీద కూలబడేది. అప్పుడు మొదలయ్యేది ఇద్దరికీ.

"ఎంతమందిని పొడిసినవే ఇయ్యాల?"

"పదిమందిని. నీ లెక్క రోజంత ఒక్కదాన్నే పట్టుకోని గూసుంటే మా సేటు ఇంటికి తోలుతడు, అత్తమ్మా."

"వాటికి లోపల లంగా ఉన్నదా?"

"వాటికి కాళ్లే లేవు, ఇనుప రాడ్డు. రాడ్డుకు లంగా తొడుగమంటవా?"

పెద్దమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి వేసి నవ్వేది. నవ్వు చివర దగ్గు వచ్చేది. కోడలు లేవలేక లేచి నీళ్లు తెచ్చేది.

బొంగులూరు దగ్గర వెంచర్‌లో ఇల్లు కట్టుకున్న టీచరమ్మ ఒకరు ఒక ఆదివారం వచ్చారు. వాళ్లది కోస్తా వైపు. దసరాకు వాళ్లింట్లో బొమ్మల కొలువు పెడతారట. ఎన్నో ఏళ్లుగా ఆ పని చూసుకున్న అమ్మ అంతకుముందే పోయారు. ఈసారి కొలువులో అమ్మ పోలికతో ఒక గుడ్డబొమ్మ ఉండాలని ఆమె కోరిక. సంచిలోంచి పాత పట్టుచీర తీసి మిషన్ మీద పెట్టారు. చాలావరకు పురుగు తినేసింది. అంచుతో పాటు బాగున్నది ఒక్క పక్కనే, ఒక్క బొమ్మకు సరిపోయేంత.

"ఇంతే మిగిలిందండి. పాడైతే ఇంకోటి లేదు. మీ చేతుల్లో పెడుతున్నాను."

ఫోనులో అమ్మ ఫోటో చూపించారు. దాన్ని నా ఫోనుకు పంపించుకుని, పెద్దమ్మకు చూడటానికి వీలుగా పెద్దది చేసి ఇచ్చాను. ఆమె అద్దాలు పెట్టుకుని, ఫోనును దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది. టీచరమ్మ వెళ్లిపోయాక కూడా చూస్తూనే ఉంది.

"ఇగో ఇంజనీరూ, ఇటు రా. ఈమెది గూడ కుడిపైటనే. ఆంధ్రోళ్లల్ల గూడ ఉన్నరన్నట్టు నా లెక్క కట్టేటోళ్లు."

ఆ బొమ్మ చేసినన్ని రోజులూ ఆమె నోటి నుంచి యాష్టకొచ్చింది అన్న మాట రాలేదు. ఎప్పుడూ చూడని మనిషి గురించి పొద్దస్తమానం మాట్లాడేది. మనిషి ఎత్తరే అయి ఉంటుందని, కోపం ఉన్న ముఖమే కానీ లోపల ఉండదని. పట్టు పెళుసుగా ఉందని తడి చేతులతో ముట్టేది కాదు. చీర కట్టిన రోజు కోడలిని పిలిచి చూపించింది. కోడలు బొమ్మను చుట్టూ తిప్పి చూసి, "మంచిగున్నది గని, మా షాపుల గిట్ల గడితే పని నుంచి తీసేస్తరు," అంది. పెద్దమ్మ పట్టించుకోలేదు.

టీచరమ్మ వచ్చారు. బొమ్మను రెండు చేతులతో తీసుకున్నారు. వెలుతురు వైపు తిప్పి చూశారు.

"బావుందండి. చాలా బావుంది. కానీ... ఏంటో, అమ్మలా లేదు. ముఖం అంతా అదే, కానీ అమ్మ కాదు."

పెద్దమ్మ ముఖం వాడిపోయింది. నేను ఫోను తీసి ఫోటో మళ్లీ చూశాను. నాకు ఆ ఫోటోలో మనిషే తప్ప గది ఎన్నడూ కనబడలేదు. ఈసారి వెనక గోడ చూశాను. అక్కడ వేలాడుతున్న క్యాలెండరులో అంకెలు తిరగబడి ఉన్నాయి. సెల్ఫీ. ఆ ఫోనులో సెల్ఫీ తీస్తే అద్దంలో చూసినట్టే పడుతుందని, కుడి ఎడమై ఎడమ కుడవుతుందని ఇద్దరికీ చెప్పాను. చెబుతుంటే, చెప్పకపోతే బాగుండేదేమో అనిపించింది.

"అవునండి," అన్నారు టీచరమ్మ. "అమ్మది అందరిలాగే ఎడంవైపే. అదే తేడా. ఏమీ అనుకోకండి, పోనీ ఇలాగే తీసుకెళ్తాను. విప్పితే పట్టు నలుగుతుంది."

"ఎట్ల తీస్కపోతవ్ బిడ్డా? మీ అమ్మ గాకపాయె. ఇటియ్యి."

పెద్దమ్మ బొమ్మను ఒళ్లో పడుకోబెట్టింది. పైట తీసింది. కుచ్చిళ్లు లాగింది. ఎక్కడా కుట్టు లేదు కనుక చీర అలా వచ్చేసింది. మొత్తం రాబోతుండగా, మడతపడ్డ చోట పట్టు సన్నగా శబ్దం చేసింది. పగిలింది. వేలెడంత చీలిక.

టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మిషన్ చక్రం మీద ఈగ వాలితే దాన్ని తోలడానికి కూడా నేను కదల్లేదు. పెద్దమ్మ చీలికను వేళ్లతో దగ్గరికి తెచ్చి చూసింది. కుట్టడానికి సూది తీయలేదు. చీరను అటు దిక్కు నుంచి ఇటు దిక్కుకు తిప్పి, ఎడమ కట్టు కట్టడం మొదలుపెట్టింది. ఆ కట్టు ఆమెకు తెలుసు కానీ ఆ వేళ్లకు ఇష్టం లేనట్టు మెల్లగా కట్టింది. కుచ్చిళ్లు పోసేటప్పుడు చీలిక ఉన్న భాగాన్ని మూడో మడతలోకి పోనిచ్చి, బొడ్డు దగ్గర దోపేసింది. పైట ఎడమ భుజం మీదికి వేసి, బొమ్మను నిలబెట్టింది. చీలిక ఎక్కడుందో నాకు తెలిసీ కనబడలేదు.

టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "అమ్మ కూడా ఇంతే చేసేదండి. చిరిగిన చీర పారేసేది కాదు. చిరుగు కుచ్చిళ్లలోకి పోయేలా కట్టుకుని పెళ్లిళ్లకు కూడా వెళ్లేది."

"ఏ ఆడిది పోలేదు బిడ్డా గట్ల?" అంది పెద్దమ్మ.

టీచరమ్మ వెళ్లాక పెద్దమ్మ కళ్లద్దాలు తీసి చెంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. కోడలు అప్పుడే పని నుంచి వచ్చి మెట్టు మీద కూలబడింది.

"ఉత్తగ మురిసిన," అంది పెద్దమ్మ. "నా లెక్క కట్టేటిది ఇంకొకతె ఉన్నదని. నేను గూడ పోతే అయిపాయె. ఇంతమందికి కట్టిన, నాకు ఎవలు కడతరో ఏమో. ఇగో, ఇది కడతది. ఒంటినిండ పిన్నీసులు గుచ్చి."

"అప్పుడు నీకు నొప్పి తెల్వదులే అత్తమ్మా."

"నొప్పి కాదే. ఎడమకేసి పంపుతవ్ నన్ను. అక్కడ మా అమ్మ సూసి ఎవలీమె అంటది."

"సరే తియ్యి, ఇప్పుడైతే లెవ్వు, అన్నం తిందురా," అంది కోడలు. కాళ్లు లాగుతున్నాయన్న మాట ఆమె ముఖంలోనే కనబడుతోంది.

మర్నాటి నుంచి పెద్దమ్మ ఇంకో బొమ్మ మొదలుపెట్టింది. షాపుకు కాదు. తన పాత నూలుచీర ఒకటి కత్తిరించింది. టీలో నానబెట్టలేదు. చీర దానికదే పాతది. కుడిపైట వేసి, మిషన్ మీద దారం కండెల పక్కన నిలబెట్టింది. ఎవరికని అడిగాను.

"ఎవలకూ గాదు. ఒకటి ఉండనీ."

ఆ తర్వాత ఆమె ఎక్కువ బొమ్మలు చేయలేదు. దవాఖానకు తిప్పడం మొదలైంది. ఒకరోజు సూదిలోకి దారం ఎక్కించమని నాకు ఇచ్చింది. ఎక్కించి ఇస్తే చేతిలో పట్టుకుని, దేనికి అడిగిందో మరిచిపోయినట్టు చూసి, రవిక అంచుకు గుచ్చుకుంది. "యాష్టకొచ్చింది," అంది. ఆ మాట వెనక ఇంకో పని మొదలుకాకపోవడం నేను మొదటిసారి చూశాను.

గేటు దగ్గర ఆ రోజు నాకు గుర్తొచ్చినవి ఇవే, ఈ వరసలో కాకపోయినా. లోపలికి వెళ్లి పెద్దమ్మ కొడుకు పక్కన నిలబడ్డాను. ప్లాట్ల పని మీద తిరిగే మనిషి, ఎవరికో ఫోనులో దారి చెబుతున్నాడు. నిద్ర లేక గొంతు పోయింది. ఫోను పెట్టేసేదాకా ఆగి చెప్పాను.

"అన్నా, పెద్దమ్మది కుడిపైట."

అతను అర్థం కానట్టు చూశాడు. తర్వాత చాప వైపు చూశాడు. "ఏదైతేంది తమ్మీ. కట్టిండ్రుగ. ఎండ ముదురుతున్నది, బండి వచ్చింది, ఇంకెంతసేపు..." అని ఆగాడు. విసుక్కోలేదు. విసుక్కునే ఓపిక కూడా లేనట్టుంది.

కానీ పక్కన కూర్చున్న కోడలు విన్నది. చాప దగ్గరికి వెళ్లి పైట వైపు చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో. నేనే గట్టిన. చెప్పింది నాకు. మతికే లేదు." వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అంది: "లోపలికి తీస్కపోండ్రి. మల్ల కట్టాలె."

ఎవరో మగవాళ్లు గొణిగారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. ఆడవాళ్లు నలుగురు చాప అంచులు పట్టుకున్నారు. తలుపు వేసుకున్నారు. బయట మేము నిలబడ్డాం. లోపలి మాటలు వినబడుతున్నాయి.

"అటు గాదు, ఇటు."

"ఇటు తిప్పితె కుచ్చిళ్లు ఎనకకు పోతున్నయ్."

"చిన్నమ్మా, నీకు తెల్వదా? నువ్వు గూడ గట్లనే కడ్తుంటివి గద."

మహేశ్వరం నుంచి వచ్చిన పెద్దమ్మ చెల్లెలి గొంతు: "చిన్నప్పుడు కట్టిన బిడ్డా. ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె. చేతులకు వస్తలేదు. పండుకున్న మనిషికి అసలే రాదు."

తర్వాత మాటలు ఆగాయి. ఏడుపు మొదలైంది, ఎవరిదో తెలియలేదు.

వరండాలో మిషన్ మీద గుడ్డ కప్పు ఉంది. కప్పు ఎత్తితే దారం కండెల పక్కన బొమ్మ నిలబడే ఉంది. తీసుకెళ్లి తలుపు తట్టాను. సందులోంచి కోడలి చెయ్యి వచ్చింది. బొమ్మను ఆ చేతిలో పెట్టాను.

"దీన్ని విప్పుకుంటూ చూడండి అక్కా. కుట్లు ఉండవు."

ఆ చెయ్యి లోపలికి వెళ్లింది. కాసేపటికి కోడలి గొంతు మళ్లీ వినబడింది, ఇప్పుడు నెమ్మదిగా, పని చేసే మనిషి గొంతులా. "ఆగుండ్రి. పైట ముందుగాల తీసిన. ఇగో కుచ్చిళ్లు ఇటు తిరిగినయ్. దోపుడు ఈడ. మొదలు ఈడికెళ్లి. సరే, ఇప్పుడు అత్తమ్మకు ఈడికెళ్లి సుట్టుదాం. జర లేపుండ్రి."

పెద్దమ్మను మళ్లీ బయటికి తెచ్చినప్పుడు చెంగు కుడి భుజం మీద ఉంది. కొత్త చీర, గంజి పోని చీర, సరిగా కూర్చోలేదు. కానీ ఎక్కడా పిన్నీసు లేదు.

బొమ్మ ఎలాగో నా దగ్గరికి వచ్చింది. ఆ సందడిలో ఎవరో నా చేతిలో పెట్టారు, లంగా రవికల మీదున్న బొమ్మ, విడిగా చీర ముక్క. గదిలో కిటికీ దగ్గర పెట్టుకున్నాను. ఒకటి రెండుసార్లు కట్టబోయి వదిలేశాను.

దినాలన్నీ అయ్యాక ఒక సాయంత్రం కోడలు నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి మెట్లెక్కి వచ్చింది. చేసంచి భుజానికే ఉంది, షాపు నుంచి తిన్నగా వచ్చినట్టుంది. చెబుతూ చెబుతూ కిటికీ వైపు చూసింది.

"ఏందన్నా, గట్లనే పెట్టినవ్ దాన్ని?"

"నాకు రాలేదక్కా."

గడప మీదే కూర్చుంది. బొమ్మను ఒళ్లో పడుకోబెట్టుకుంది. రోజంతా చేసిన పనే కనుక వేళ్లు వాటంతటవే పోయాయి. చుట్టింది, కుచ్చిళ్లు పోసింది, దోపింది, పైట తెచ్చి భుజం మీద వేసింది. ఎడమ భుజం. చెయ్యి పిన్నీసు కోసం సంచిలోకి పోయి, మధ్యలో ఆగింది. బొమ్మ వైపు చూసింది.

"థూ. యాష్టకొచ్చింది," అంది.

చీర మొత్తం విప్పేసింది. కాళ్లు చాపుకుని, ఒకసారి మెడ విరుచుకుని, రెండో దిక్కు నుంచి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.